స్వాధీనరక్షణ కబ్జారక్షణ కాదు

భూమి తగవులు విని విని విసిగిన మన సమాజమున, చదువుకొన్నవారు చదువుకొననివారు అను భేదము లేక, ఒక అభిప్రాయము స్థిరపడిపోయినది. పట్టా ఎవని పేర నున్నదో భూమి వానిది. ఆ భూమిలో మఱియొకడు నాగలి పెట్టుకొని కూర్చున్నచో వానిని వెళ్ళగొట్టుటకు పట్టాదారునకు కోర్టు అనుమతి యెందులకు? ఈ అభిప్రాయమునకు తోడబుట్టినది ఇంకొకటి కలదు. హక్కు ఎవనిదో విచారింపక, స్వాధీనములో నున్నదెవడు, వానిని గెంటినదెవడు అని మాత్రమే అడిగి, గెంటబడినవానిని తిరిగి ప్రవేశపెట్టు చట్టము కబ్జాదారులకు గొడుగు పట్టుచున్నదని న్యాయవాదులలో కొందఱు, రెవెన్యూ ఉద్యోగులలో పెక్కుమంది, రాజకీయవేదికలపై దాదాపు అందఱును వాకొనుచుందురు. ఈ రెండు మాటలును వినుటకు సహజన్యాయమువలెనే తోచును. రెండును అసత్యములే, రెండవది అసత్యమగుటయే గాక ప్రమాదకరము కూడ.

స్వాధీనములో నున్నవానిని అన్యాయముగా, న్యాయస్థానపు తీర్పు లేకయే భూమినుండి వెడలగొట్టుటను ఇంగ్లండు ధర్మశాస్త్రము డిస్సీజిన్ అను పేరుతో ప్రత్యేకాపరాధముగా గుర్తించి ఎనిమిదిన్నర శతాబ్దములు దాటినది. స్టీఫెను రాజు కాలమున, అనగా 1135 మొదలు 1154 వఱకు, ఎవని కోట దృఢమో వానిదే పొలము, ఎవని వెంట బలగము ఎక్కువయో వానిదే పంట అన్నట్లు సాగిన అరాజకమును చూచిన దేశమది. దాని వెనుక సింహాసనమెక్కిన రెండవ హెన్రీ 1166 ప్రాంతమున నావెల్ డిస్సీజిన్ అసైజ్ అనబడు వ్యాజ్యమార్గమును నెలకొల్పెను. రాజు పెక్కు రాత్రులు నిద్ర మాని దీనిని ఆలోచించెనని తరువాతి శతాబ్దపు ధర్మశాస్త్రకారుడు బ్రాక్టన్ వ్రాసినాడు. ఆస్థానపు వారి అతిశయోక్తులను ఎంత తీసివేసినను, ఆ వ్యాజ్యపు కూర్పును చూచినచో ఎవరో నిజముగానే నిద్ర మానినట్లు కానవచ్చును.

గెంటబడినవాడు రాజుగారి కార్యాలయమునుండి ఒక ఉత్తరువు తెచ్చుకొనును. జిల్లా షెరీఫు ఆ ప్రాంతపు పండ్రెండుగురు స్వతంత్రులైన పెద్దమనుష్యులను పిలిపించును. వారు ముందుగా భూమివద్దకు పోయి కన్నులార చూచి, పిమ్మట న్యాయాధికారుల యెదుట ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పవలెను: ఇతడు ఇతనిని, అన్యాయముగా, తీర్పు లేకయే, స్వతంత్రమైన భూస్వాధీనమునుండి తొలగించెనా? తాతముత్తాతల దానపత్రములతోను వంశవృక్షములతోను ఇచ్చట పని లేదు. ప్రతివాది రాకపోయినను విచారణ ఆగదు. ఒంట్లో బాగులేదనియో, నది పొంగినదనియో వాయిదా కోరుటకు వీలు లేదు. హక్కును నిర్ణయించు వేఱొక వ్యాజ్యము ఆ దేశముననే కలదు. అందులో ప్రతివాది మంచము పట్టితినని చెప్పి ఒక సంవత్సరము మీద ఒక దినము గడపుకొనవచ్చును. తుదకు ద్వంద్వయుద్ధముతో సైతము తేల్చుకొనవచ్చును. ఆ ద్వంద్వయుద్ధమును చట్టగ్రంథములనుండి తీసివేసినది 1819లో మాత్రమేయన్న సంగతి, మన ధర్మశాస్త్రములను అనాగరికములని ఎగతాళి చేసిన దొరల దేశమును గూర్చి చెప్పుకొనుచున్నాము గనుక, గుర్తుంచుకొనదగినది.

ఇప్పుడు ప్రతిపక్షుల ప్రశ్నకు వత్తము. ఆ న్యాయస్థానము గెంటినవాని హక్కును ఏల విచారింపలేదు? నిజమైన యజమానుడే గెంటియుండిన నేమి? ఆ నాటి ధర్మశాస్త్రమునకు ఈ సందేహము తట్టక పోలేదు. తట్టియే దానికి కఠినమైన సమాధానము చెప్పినది. యజమానుడైనను, తన భూమిలోనికి మఱియొకడు చొరబడినచో వెనువెంటనే వానిని తఱుముకొనవచ్చును. ఊరిలో నున్నవానికి బ్రాక్టన్ చెప్పిన గడువు నాలుగు దినములు. ఆ గడువు దాటి ఊరకుండి, పిమ్మట ఒకనాడు మనుష్యులను వెంటబెట్టుకొని పోయి గెంటినచో యజమానుడే డిస్సీజిన్ దోషి యగును. భూమి తిరిగి యియ్యవలెను, పరిహారము చెల్లింపవలెను. హక్కు ఉన్నచో హక్కు వ్యాజ్యము వేసికొమ్మని చట్టము వానికి చెప్పినది. యజమానుని హక్కును అది త్రోసిపుచ్చలేదు. హక్కు ఉన్నదో లేదో తానే తీర్పరియై తానే అమలుజరుపు అధికారమును మాత్రమే వానినుండి తీసివేసినది. ఈ చిన్న భేదమును గుర్తింపకపోవుటవలననే మనవారి వాదమంతయు పుట్టినది.

భూమికొఱకు బలప్రయోగము చేయువాడు ఎవడైనను తనకు హక్కు లేదని చెప్పుకొనునా? దోపిడిదొంగ తప్ప తక్కిన ప్రతివాడును ఒక కాగితమునో, ఒక తాతనో, ఒక వాగ్దానమునో చూపును. హక్కు ఉన్నవాడు బలము చూపవచ్చునన్న సూత్రము ఆచరణలో, హక్కు ఉన్నదని నమ్మువాడు, లేక నమ్మినట్లు నటించువాడు, బలము చూపవచ్చునన్న సూత్రముగా మాఱక తప్పదు. ఆ మార్పు జరిగిన పిమ్మట గెలుపు హక్కున్నవానిది కాదు, మంది ఉన్నవానిది. ఇంగ్లండున నార్ఫోక్ మండలములోని గ్రెషమ్ మేనరు అను ఎస్టేటు చరిత్ర దీనికి నిదర్శనము. 1448లో మోలీన్స్ ప్రభువు తనకు ఆ మేనరుపై హక్కు కలదని ప్రకటించి, స్వాధీనములో నున్న జాన్ పాస్టన్‌ను వెళ్ళగొట్టి ఆక్రమించెను. పాస్టన్ వర్గము మరుసటి యేడు తిరిగి వచ్చి అచ్చటనే ఒక యింట నిలువగా, 1450 జనవరిలో సుమారు వేయిమంది వచ్చిపడి, ఇంటిలో నున్న పాస్టన్ భార్య మార్గరెట్ గది గోడలనే త్రవ్వి పడగొట్టి ఆమెను వెలుపలికి ఈడ్చిరని పాస్టన్ తన విజ్ఞాపనలో చెప్పుకొనెను. వేయి అను లెక్కలో వాదినోటి అతిశయము ఉండవచ్చును. మోలీన్స్ దోపిడికాడు గాదు, ప్రభువు. ఆతని చేతిలోను హక్కు వాదము కలదు. 1381లోనే, రైతుల తిరుగుబాటు జరిగిన యేడు, ఆంగ్ల పార్లమెంటు ఒక శాసనము చేసి, ప్రవేశించుటకు చట్టము అనుమతించిన చోట సైతము బలిమితోను గుంపుతోను ప్రవేశింపరాదని కట్టడి చేసియుండెను. శాసనము పుస్తకములో నుండెను, వేయిమంది గోడ క్రింద నుండిరి. ఆ శతాబ్దమున జూరీలను ప్రభువులు కొనుటయు బెదరించుటయు పరిపాటియై, రెండవ హెన్రీ కూర్చిన వ్యాజ్యము మొద్దువాఱి యుండుటయే ఇందుకు కారణము. స్వాధీనరక్షణ బలహీనపడిన కాలమున హక్కుదారులు సుఖపడిరని ఏ చరిత్రయు చెప్పదు.

జర్మను పండితులు 19వ శతాబ్దమున ఈ చిక్కును విడదీయుటకు గ్రంథములు వ్రాసిరి. 1803లో స్వాధీనమును గూర్చి మహాగ్రంథము వెలువరించిన సావిన్యీ, స్వాధీనముపై దాడి వ్యక్తిపై దాడియే గనుక చట్టము అడ్డుపడవలెనని చెప్పెను. పిమ్మటి తరము వాడైన యేరింగ్ దానిని కాదని, స్వాధీనరక్షణ యాజమాన్యమునకు బయటి కోటగోడ యని వాదించెను. నా మనస్సునకు యేరింగ్ మాటయే దగ్గఱ. లోకములో స్వాధీనములో నున్నవారిలో అధికసంఖ్యాకులు యజమానులే. వారి భూమిని ఎవడైన లాగికొన్నప్పుడెల్ల మూడు తరముల దస్తావేజులు, లింకు పత్రములు, వారసత్వ ధ్రువపత్రములు కోర్టులో నిరూపించినగాని భూమి చేతికి రాదన్నచో, పల్లెలలోని యజమానులలో ఎందఱు నిలువగలరు? నిన్నటివఱకు నేనే దున్నుచుంటిని, నేడు ఇతడు గెంటెను అని ఇరుగుపొరుగు పొలములవారిచేత చెప్పించుకొనుట మాత్రమే సామాన్యునకు సాధ్యమైన సాక్ష్యము. స్వాధీనరక్షణ కబ్జాదారుని గొడుగని తిట్టువారు, అది లేనినాడు కబ్జాదారుడే ముందు దూకి, హక్కు నిరూపించుకొమ్మని యజమానునే సవాలు చేయునన్న సంగతిని మఱచుచున్నారు.

ఈ సూత్రము మన దేశమునకు చట్టరూపమున వచ్చినది 1859లో. ఆ యేటి 14వ చట్టపు 15వ సెక్షను, పిమ్మట 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టపు 9వ సెక్షను, నేడు 1963 నాటి 47వ చట్టపు 6వ సెక్షను దీనినే చెప్పుచున్నవి. తన సమ్మతి లేక, చట్టప్రకారము గాక, స్థిరాస్తి స్వాధీనమునుండి తొలగింపబడినవాడు ఆరు నెలలలోపల దావా వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చును. ఎదిరి యే హక్కు చెప్పుకొనినను ఆ దావాలో చెల్లదు. తీర్పుపై అప్పీలును పునర్విచారణయు లేవు. ఎదిరికి హక్కున్నచో వేఱు దావా వేసికొనుటకు అడ్డును లేదు. మిడ్నపూరు జమీందారీ కంపెనీ వ్యాజ్యములో 1924లో ప్రివీ కౌన్సిలు, భారతదేశమున ఎవరును బలవంతముగా స్వాధీనము తీసికొనరాదనియు, తమకు చెందవలసిన స్వాధీనమును న్యాయస్థానముద్వారానే పొందవలెననియు నిష్కర్షగా చెప్పినది. గ్వాలియరు ప్రాంతమునుండి వచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, కౌలు ముగిసిన కౌలుదారును సైతము భూస్వామి తన చేతితో గెంటరాదని ఆ సూత్రమునే స్థిరపఱచినది. 1968లో నాయర్ సర్వీస్ సొసైటీ వ్యాజ్యములో, ఆరు నెలలు దాటినను స్వాధీనబలముతోనే పండ్రెండేండ్లలోపల దావా వేయవచ్చుననియు, అంతకంటె మెఱుగైన హక్కు చూపలేని ఆక్రమణదారు ఎదుట అది నిలుచుననియు అత్యున్నత న్యాయస్థానము తీర్చినది. ఇంత స్పష్టమైన ధర్మమును పట్టాదారులకు ఎవరును చెప్పకపోవుట వింతయే.

తెలుగునాట ఈ ధర్మము ఎవరికి కావలసియుండెనో తెలిసికొనుటకు తెలంగాణము చాలును. నైజాము కాలమున దేశముఖుల, మక్తేదారుల గ్రామములలో వెట్టిచాకిరితో బాటు వినవచ్చిన మాట బేదఖలు. తరతరములుగా దున్నుచున్న రైతును ఒక ఉదయమున నోటిమాటతో పొలమునుండి తొలగించుట అది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు దున్నుచున్న పొలమును, అందలి పంటను కాజేయుటకు విసునూరు దేశముఖు మనుష్యులను పంపగా, సంఘమువారు పంటను ఆమె యింటికి చేర్చిన కథ అందఱెఱిగినదే. ఐలమ్మ చేతిలో పట్టా లేదు, ఉన్నది సాగు. పట్టాయే సర్వస్వమన్న నేటి పండితులను ఆ నాడు న్యాయపీఠముమీద కూర్చుండబెట్టినచో ఆమెకు ఏమి తీర్పు చెప్పియుందురో ఊహించుకొనుడు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించి, తహసీల్దారు ఉత్తరువు లేనిదే భూస్వామి కౌలుదారునుండి స్వాధీనము పొందరాదని విధించినది గాని, భూస్వాములు కౌలుదారులచేత ఇష్టపూర్వకముగా వదలుకొన్నట్లు వ్రాయించుకొని దానిని తప్పించుకొనిరి. ఇష్టమట! దేశముఖు ఎదుట చేతులు కట్టుకొని నిలుచున్నవాని ఇష్టమునకు ఎంత విలువ ఉండునో వ్రాయించుకొన్నవారికే తెలియును.

ఆంగ్లేయుల అసైజునందు ఒక మహాదోషము కలదు. దానిని దాచుట నా పక్షమునకు గౌరవము కాదు. స్వతంత్రుడైనవానికే ఆ రక్షణ. ప్రభువు భూమికి కట్టుబడి దున్నెడు విల్లెయినునకు, వానిని ప్రభువే గెంటినచో, రాజుగారి కోర్టు తలుపు తీయలేదు. దేశములో దున్నువారిలో ఎందఱో అట్టివారే. మన 6వ సెక్షను ఈ విషయమున అంతకంటె ఉదారము. అది ఎవరినైనను వినును. కాని వినవలెనన్న సాక్ష్యము ఉండవలెను గదా. తెలంగాణమున 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనతో పహాణీలోని అనుభవదారు కాలమ్‌ను తొలగించిరి. ఆంధ్రప్రదేశమున 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు కార్డు ఇచ్చును గాని, భూయజమాని సంతకము చేయవలెను, పదకొండు నెలలకే అది చెల్లును. సాగుచేయువాని పేరు ఏ కాగితమునను మిగులకుండ చేసి, పిమ్మట స్వాధీనమునకు సాక్ష్యమేదని వానినే అడుగుట పండ్రెండవ శతాబ్దపు ప్రభువులకును తోచని యుక్తి.

ప్రతిపక్షుల వాదములో బలమైన భాగము ఒకటి కలదు. దానికి సమాధానము చెప్పక తప్పించుకొనుట నాకిష్టము లేదు. విదేశములో నున్న కొడుకు ప్లాటులోనో, వృద్ధురాలి తోటలోనో రాత్రికి రాత్రి రేకుల షెడ్డు వేసి, విద్యుత్తు కనెక్షను పుట్టించి, ఉదయమున కోర్టుకు పోయి, నేను స్వాధీనములో నున్నాను, నన్ను కదల్పకుండ ఉత్తరువు ఇయ్యుడని అడుగువారున్నారు. అట్టివారికి తాత్కాలిక ఉత్తరువులు దొరకుచున్నవి. ఆ వెనుక యజమానుడు ఏండ్ల తరబడి తిరుగుచున్నాడు. ఇది నిజము. కాని ఇచ్చట డిస్సీజిన్ చేసినదెవడు? షెడ్డు వేసినవాడు. 6వ సెక్షను ఎవరి ఆయుధము? ఆరు నెలలు దాటకముందే దావా వేయగల యజమానునిది. నిన్న రాత్రి వచ్చినవాని ఉనికి చట్టము ఎఱిగిన స్థిరస్వాధీనము కాదని 2003లో సుప్రీంకోర్టు రామేగౌడ వ్యాజ్యములో వివరించియే యున్నది. దానిని చదువక ఉత్తరువు లిచ్చు కోర్టుల తప్పును ధర్మముపై మోపుట తగదు. పండ్రెండేండ్ల ప్రతికూల స్వాధీనమును గూర్చిన కోపము కూడ ఇచ్చటికే తెచ్చి పడవేయుచుందురు. అది కాలపరిమితి చట్టమునకు సంబంధించినది. ఇది ఆరు నెలలలో న్యాయము కోరువానికి సంబంధించినది. రెంటిని కలిపి తిట్టుట సులభమే గాని, వాదము కాదు.

మిగిలినది ఆలస్యము. ఆలస్యము నిజమే, అది భయంకరమే. వాయిదా లేకుండ, సాకు లేకుండ, పొలము గట్టుమీద నిలిచి చూచినవారిచేత తేల్చుటకు పుట్టిన వ్యాజ్యము మన సివిలు కోర్టులలో సాధారణ దావాలతో కలిసిపోయి ఏండ్ల తరబడి నడచుచున్నది. దీనికి మందు ఆ దావాను మునుపటివలె వేగవంతము చేయుట. కోర్టు ఆలస్యము చేయుచున్నది గనుక పట్టాదారునకు లాఠీ ఇయ్యవలెనన్నచో, లాఠీ కూడ కోర్టుకంటె త్వరగా ధనికుని యింటికే చేరును. భూ ఆక్రమణల నిషేధమునకు 1982లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము మంచిదే. ప్రథమదృష్ట్యా ఆక్రమణ కనబడినచో, కాదని నిరూపించు భారమును అది ఆక్రమించినవానిపై పెట్టినది. కాని అది హక్కులేనివాని ఆక్రమణకే పేరు పెట్టి శిక్షించునది; హక్కును తడవుట మొదలిడినచో మరల దస్తావేజుల అడవియే. హక్కుకు తిరుగులేని ప్రభుత్వ ధ్రువీకరణ కల్పించినచో తగవులే ఉండవని ఆశ చూపిన 2022 నాటి ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టము తీవ్రవివాదములో పడి 2024లో రద్దయినది. రద్దు కాకున్నను, రాత్రి వచ్చిన గుంపును ధ్రువీకరణపత్రము ఆపజాలదు.

ఇంతవఱకు స్వాధీనధర్మమునకు పక్షము వహించితిని; ఇప్పుడు దానిలోని చీలికను చూపుట నా విధి. 1215 నాటి మాగ్నాకార్టా 39వ నిబంధన, సమానస్థుల తీర్పుచేతగాని దేశధర్మముచేతగాని తప్ప ఏ స్వతంత్రుని భూమినుండియు తొలగింపరాదని రాజునే కట్టివేసినది. 52వ నిబంధన, తీర్పు లేకయే రాజు లాగికొన్న భూములను వెంటనే తిరిగి యియ్యవలెనన్నది. అది మరుసటి ప్రతులలో నిలువకపోయినను 39వది నిలిచినది. జాను రాజు తన యిష్టమే చట్టమని ప్రభువుల భూములు లాగికొనుటయే ఆ పత్రమునకు మూలకారణములలో నొకటి. ఆతని కొడుకు మూడవ హెన్రీ, గిల్బర్ట్ బాసెట్ అనువానినుండి అప్‌ఆవన్ మేనరును తీర్పు లేకయే లాగికొని మఱియొకనికి ఇచ్చి, 1234లో తన కోర్టులోనే అది అన్యాయమని ఒప్పుకొని తిరిగి యిచ్చెను. దీనితో పోల్చి మన 6వ సెక్షను రెండవ ఉపవిభాగము చూడుడు. ఈ దావా ప్రభుత్వముపై వేయరాదని అందులో వ్రాయబడియున్నది.

హిమాచల్ ప్రదేశములో ఒక నిరక్షరాస్య వితంతువు భూమిని 1967–68 ప్రాంతమున రోడ్డుకొఱకు సేకరణ ప్రక్రియ యేమియు లేకయే ప్రభుత్వము తీసికొని, అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, మాకు ప్రతికూల స్వాధీనముచే హక్కు వచ్చినదని సుప్రీంకోర్టులో వాదించినది. 2020 జనవరిలో న్యాయమూర్తులు ఆ వాదమును త్రోసివేసి పరిహారమునకు ఉత్తరువు చేసిరి. ఆమె యౌవనములో పోయిన భూమికి వార్ధక్యములో డబ్బు దొరకినది. ఆ నాడే ఆరు నెలలలో దావా వేయుటకు చట్టము ఆమెకు దారి యియ్యలేదు. రాజ్యాంగపు రిట్టు కలదుగదా అనువారు, ఆ రిట్టు ఆమెకు ఎన్నేండ్లకు అందినదో లెక్కవేసికొనవచ్చును. కబ్జాదారునకు గొడుగు పట్టువారెవరని వెదకువారు చూడవలసినది ఈ ఉపవిభాగమును.

1877లో పరప్రభుత్వము తనకొఱకు తాను వ్రాసికొన్న మినహాయింపును 1963లో స్వతంత్ర భారత పార్లమెంటు అట్లే ఎత్తి వ్రాసికొన్నది. శాసనసభ్యులు కబ్జాలను గూర్చి నిజముగా కలతపడుచున్నచో మొదట ఆ వాక్యమును కొట్టివేయింపవలెను. ఆ పిమ్మట 6వ సెక్షను దావాలకు వాయిదాలు లేని ప్రత్యేకవిచారణ ఏర్పఱుపవలెను. సాగుచేయువాని పేరును పహాణీలోనికి తిరిగి తేవలెను. పాఠకులలో ఎవరికైనను భూమినుండి గెంటివేత సంభవించినచో, పట్టా వెదకుకొనుచు కాలము గడపక, గట్టు పొరుగువారి సాక్ష్యము పట్టుకొని ఆరు నెలలు దాటకముందే సివిలు కోర్టుకు పోవలెను.